తోరీబియో చేతికి గిటారు

“వాయించి చూడనైనా చూడవా అమ్మా?” అంది ఒబ్దూలియా.

“ఎందుకూ? చూడ్డానికి అలాగే ఉంటే చాలు,” అంది ఆ పెద్దావిడ, చేతిలోని ఫొటోను గోడకు వేలాడుతున్న గిటార్ల పక్కన ఒక్కొక్కదానికీ ఆనించి చూస్తూ.

ఒబ్దూలియాకు ఒళ్ళు మండింది. గిటార్లకు పేరుపడ్డ పరాచో ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాక రకరకాల మనుషుల్ని చూసింది గానీ, కర్టెన్ గుడ్డ బేరం చేసినట్టు రంగు చూసి గిటారు కొనే మనిషిని చూడ్డం ఇదే మొదలు. పైగా ఫొటోలో ఉన్నది మామూలు సరుకా? డాన్ అగాపీతో అనే పేరుమోసిన పనివాడు స్వయంగా చేసిన గిటారు. ఆయన పోయాక అలాంటిదొకటి అమ్మితే ఈ వీధిలో కొట్టు కొనుక్కోవచ్చు.

“దానికి బదులు కావాలంటే ఇదిగో,” అని పైనున్నదాన్ని దింపింది. “మా ఆయన చేసింది. దేవదారు పలక. కళ్ళు మూసుకుని వింటే డాన్ అగాపీతోదే అనుకుంటారు. ధర అందులో పదో వంతు లేదు.”

“నాకు కళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళతో పని, అమ్మాయ్. ఆ మూలనున్నదెంత?”

“అదా? ప్లైవుడ్డు. బస్సు దిగిన టూరిస్టులకి అంటగట్టేది. రెండు పాటలకి శ్రుతి తప్పుతుంది.”

“తప్పనీ.”

“ఇంతకీ ఎవరికి?”

“మా ఆయనకి. తోరీబియో అని, ముగ్గురు పాటగాళ్ళ జట్టు ఆయనది.”

ఒబ్దూలియా నవ్వేసింది. “పాటగాడి చేతిలో ఈ డొక్కు పెడతావా? మొదటి తీగ మీటగానే పట్టేస్తాడు.”

“ఆయన పట్టుకోడు. జట్టులో మిగతా ఇద్దరి కళ్ళంటేనే భయం. ఇవాళ ఊరంతా ఇంటికొస్తుంది. అందరి ముందూ ఆ గిటారే తన చేతుల్లో ఉండాలని ఆయన పట్టు.”

“మరి అసలుదేం చేశావు? అమ్ముకున్నావా?”

“మొక్కజొన్న గాదెలో దాచాను. మా మనవరాలు యునుయెన్‌కి. మోరేలియా సంగీత పాఠశాలలో సీటొచ్చింది దానికి. ఆడపిల్ల చెయ్యి తగిలితే వాద్యం చెడిపోతుందని తాత ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు. ఆయన పొలానికి వెళ్ళినప్పుడు నేనే తలుపు గడియ పెట్టి దాని చేతికిచ్చేదాన్ని. ఇవాళ గట్టెక్కితే అది పిల్లది. లేకపోతే ఇక ఎవరికీ లేదు.”

ఒబ్దూలియాకు జాలి కలగలేదు. పిల్ల కోసమే అయితే మొగుడి ఎదురుగా నిలబడి అడగాలి. కాపురమంతా నోరు కుట్టేసుకుని కూర్చుని, ఇప్పుడొచ్చి ప్లైవుడ్డు చాటున దాక్కుంటోంది.

“ఊరంతా వస్తోందంటే పెద్ద వంటలే అయ్యుంటాయి.”

“తెల్లారినప్పటి నుంచీ ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి తమాలెలు ఉడుకుతూనే ఉన్నాయి. కాఫీ గంగాళాలతో కాస్తున్నారు.”

“బాగుంది. అందరికీ తమాలెలు, మొగుడికి మాత్రం టోపీ.”

పెద్దావిడ ఫొటోను ముందుకు జరిపింది. అందులో గుండ్రటి కంత కింద వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ ఆయన గోళ్ళు తగిలి రంగు పోయింది. దీనికీ అలాగే గీకిపెట్టు.”

ఒబ్దూలియా గరుకు కాగితం తీసింది. గీకిన చోట తను తాగగా మిగిలిన కాఫీ పూసి గుడ్డతో తుడిచింది. చెయ్యి పని చేస్తున్నా నోరు ఊరుకోలేదు.

“దొంగతనంలో కూడా ఎంత పనితనం కోరుతున్నావమ్మా. పోనీ, ఎవరైనా వాయించమంటే?”

“ఇవాళ అడగరు.”

“ఆయనకే పాడాలని బుద్ధి పుడితే?”

పెద్దావిడ నల్ల శాలువా భుజం మీదికి లాక్కుంది. “పాత గుడ్డేదైనా ఉంటే చుట్టివ్వు, అమ్మాయ్. మూడింటికల్లా ఇల్లు చేరాలి.”

ఒబ్దూలియా డబ్బు అందుకుని గిటారు చుట్టి ఇచ్చింది. అయినా కడుపుమంట చల్లారలేదు.

“ఒక్క మాట విను. రేపు మీ ఆయన దీన్ని మోసుకొచ్చి నా కొట్టు ముందు పగలగొడితే, కొన్నది నువ్వేనని దాచకుండా చెప్పేస్తాను.”

గుమ్మం దాటబోతున్న పెద్దావిడ ఆగి, వెనక్కి తిరిగింది.

“ఆయన్ని నాలుగింటికి సమాధి చేస్తున్నాం.”