పట్టీలు విప్పిన తోట

పట్టీల్లేని కాలంలో జనం ఎలా బతికారో చూపించడానికి బడివాళ్లు రెండో తరగతి పిల్లల్ని ఏటా ఆ తోటకు తీసుకొస్తారు. ఎప్పుడు నీళ్లు తాగాలో, ఎంత నొప్పికి ఏడవాలో పుట్టినప్పటి నుంచీ పిల్లలకు చేతి పట్టీలే చెబుతాయి. గేటు దగ్గర వాటిని విప్పి బుట్టలో వేశారు. పిల్లలకు తోడుగా వచ్చిన వకుళ ఆ బుట్ట పట్టుకుంది.

కాసేపటికి ఆమె కూతురు ఆముక్త రాయి తగిలి బోర్లా పడింది. మోకాలు గీసుకుపోయింది. పిల్ల లేచి కూర్చుని ఖాళీ మణికట్టు వైపు చూసింది.

"నొప్పెడుతోందా తల్లీ?"

"తెలీదమ్మా. పట్టీ లేదుగా."

వకుళకు వాళ్లమ్మమ్మ గుర్తొచ్చింది. వంగి ఆ రాయిని అరచేత్తో ఫట్టుమని కొట్టింది. "మా పాపనే పడేస్తావా? ఉండు, నీ పని చెప్తా!"

ఆముక్త తెల్లబోయి చూసింది. తర్వాత తల్లి ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో టీచరు అందరికీ పట్టీలు తొడిగింది. ఆముక్త పట్టీ మెల్లగా చెప్పింది: "మోకాలికి చిన్న గీత. ఏడవాల్సినంత లేదు."

ఆముక్త పట్టీ ఉన్న చేతిని తల్లి ముందుకు చాపింది.

"అమ్మా, దీన్ని కూడా కొట్టు."