సగం టికెట్టు

"మీరు పనిచేసేది నూజివీడులోనా, హనుమాన్ జంక్షన్లోనా? ఏదో ఒకటి చెప్పండి." లేయా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

"నూజివీడు స్టేషన్లోనేనండీ. కాకపోతే ఆ స్టేషన్ ఉండేది జంక్షన్లో," అన్నాడు జయకర్.

"ఊరు ఇక్కడుంటే స్టేషన్ అక్కడ పెట్టడమేంటండీ?"

"నేను పెట్టలేదండీ."

నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు. నూజివీడు బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు నడిపే లేయా ఇంత చిరాగ్గా ఉండటం అతనెప్పుడూ చూడలేదు.

జయకర్ రైల్వేలో బుకింగ్ క్లర్కు. డ్యూటీ దిగి బస్సులో ఊళ్ళోకి వచ్చిన ప్రతి సాయంత్రం ఈ షాపులో ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకోవడం అతనికి అలవాటైపోయింది. గదిలో అలాంటి కాపీలు డెబ్భై పైచిలుకు పోగయ్యాయి. ఇవాళ మాత్రం నిజంగానే పని పడింది. సికింద్రాబాదుకి బదిలీ అయింది, సోమవారం అక్కడ చేరాలి. రైల్వే వాళ్ళకి సిటీ మెట్రోలో సగం టికెట్టేనట. ఆ రాయితీ ఫారం టైపు చేయించి, చేరిన రోజే ఆఫీసులో ఇమ్మన్నారు.

ఫారం సంగతి సరే. అంతకంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. లేయాతో ఒక మాట చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేదే లేదు. ఆ మాటని బస్సులో దారి పొడవునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. పెదవులు కదులుతుంటే ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని కండక్టరమ్మ టికెట్టు అడక్కుండా కాసేపు ఆగింది కూడా.

"అయితే వెళ్ళిపోతున్నారన్నమాట," అంది లేయా, స్క్రీన్ వైపే చూస్తూ.

"సోమవారమండీ. అందుకే మీతో ఒక మాట..."

"అమ్మాయ్, నా అడంగల్ అయిందా?" వెనక బెంచీ మీద నుంచి కేక వినబడింది. మామిడి తోట కాయితం కోసం చాట్రాయి నుంచి వచ్చిన యలమంద అనే పెద్దాయన. "ఐదింటి బస్సు పోయిందంటే మళ్ళీ ఏడింటిదాకా దిక్కులేదు."

"సర్వర్ తిరుగుతోంది బాబాయ్ గారూ. రాగానే ప్రింటు కొడతా." ఇటు తిరిగింది. "పుట్టిన తేదీ?"

చెప్పాడు.

"బ్లడ్ గ్రూపు?"

"బి పాజిటివ్. లేయా గారూ, నేను చెప్పేదేంటంటే..."

"రోజూ ఎక్కే స్టేషనూ దిగే స్టేషనూ రాయాలట. ఇల్లు చూసుకున్నారా అక్కడ?"

"లేదండీ. ఒక్కడినే కదా, ఎక్కడో ఒకచోట సర్దుకుంటా."

లేయా టైపు చేయడం ఆపి, ఫారం కింద సన్నక్షరాల్లో ఉన్నది పైకి చదివింది. "భార్యకి కూడా సగం టికెట్టే. పెళ్ళి సర్టిఫికెట్టు తర్వాతైనా ఇవ్వొచ్చు." మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టింది. "మీకా గొడవ లేదులెండి."

ఇంతకంటే మంచి సందు మళ్ళీ దొరకదు. "లేదండీ. అంటే, ఇప్పటిదాకా లేదు. కానీ..."

టప్పున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది.

"ఇంకేం మాట్లాడకండి! బ్యాటరీ ఐదు నిమిషాలు కూడా రాదు," అంటూ లేయా స్క్రీన్ మీదికి వంగింది.

రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి మామిడికాయల లారీలు పోతున్నాయి. షాపంతా రసాల వాసన. లేయా గబగబా ఏదో కొట్టింది, పెదవి కొరుక్కుంది, చెరిపేసింది, మళ్ళీ కొట్టింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అతని వైపు చూడను కూడా లేదు.

జయకర్‌కి విషయం బోధపడింది. డెబ్భైసార్లు ఒకే ఆధార్ కార్డు ఎవడు జిరాక్సు తీయిస్తాడు? ఆమెకి ఎప్పుడో అర్థమై ఉంటుంది. అర్థమయ్యే, మాట పైకి రాకుండా అడ్డం పడుతోంది. మర్యాదగల మనిషి కాబట్టి మొహం మీద కాదనకుండా ఫారం వంకతో సాగనంపుతోంది. వల్లె వేసుకొచ్చిన మాటంతా మింగేశాడు.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది.

"బాబాయ్ గారూ, సర్వర్ కూడా వచ్చేసింది! మీదీ కొట్టేస్తున్నా," అంది లేయా. ప్రింటరు మూలిగి, రెండు కాయితాలు ఒకదాని మీద ఒకటి బయటికి తోసింది.

"వస్తానండీ మరి," అన్నాడు జయకర్. గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.

"ఫారం తీసుకోరా?"

దేని కోసం వచ్చాడో అదే మరిచిపోయాడు. సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాడు.

"ఒక్కసారి చదువుకుని సంతకం పెట్టండి. తప్పయితే... తప్పయితే చెప్పండి, మార్చేస్తా," అంది లేయా.

అప్పుడే బస్టాండులో చాట్రాయి బస్సు హారన్ కొట్టింది. యలమంద ఒక్క ఉదుటున లేచి వచ్చి ప్రింటర్లోంచి పై కాయితం లాక్కున్నాడు.

"బాబాయ్ గారూ, అది మీది కాదు! ఇలా ఇవ్వండి!" లేయా కుర్చీలోంచి లేచి చెయ్యి చాపింది. ఆమె మొహం ఎర్రబడిపోయింది.

యలమంద ఆ చేతికి అందకుండా కాయితాన్ని పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని, పెద్దగా చదివాడు.

"ఇదేంటమ్మాయ్! భార్య పేరు దగ్గర లేయా అని నీ పేరు కొట్టేశావు? మా సుబ్బరత్నమ్మ చూసిందంటే నన్ను గడప తొక్కనిస్తుందా?"