ఊక కంచం మీద పేరు

స్టీల్లోని నికెల్ బ్యాటరీలకి కావాలని సర్కారువాళ్లు ఇళ్లలో స్టీలంతా పట్టుకుపోయాక ఊళ్లో అందరూ ఊక కంచాల్లోనే తింటున్నారు. వానాకాలం రాగానే అవి మెత్తబడి మట్టిలో కలిసిపోతాయి. చనిపోయిన భార్య మంగతాయారు పేరు చెక్కిన స్టీలు కంచం కూడా పోయిందని చిట్టెబ్బాయికి ఇప్పటికీ కడుపుమంటే. కొత్త ఊక కంచం కొని, దాని మీదా ఆమె పేరు చెక్కమన్నాడు.

"నాలుగు వానలకి కరిగిపోయేదానికి పేరెందుకు బాబాయ్?" అంది కొట్టు నడిపే నూకరత్నం.

"పోయే మనుషులకి పెట్టుకోటం లేదేంటే? చెక్కు."

ఆమె చిల్లు పడకుండా సూదితో పైపైన చెక్కింది.

"కరిగాక రా బాబాయ్, మళ్లీ చెక్కుతాను."

"అప్పటికి నేనూ లేకపోతే?"

"మా ఇంటి కంచం మీద మీ ఇద్దరి పేర్లూ ఏసుకుంటాలే."

"అప్పుడైనా అక్షరాలు తిన్నగా చెక్కి ఏడు," అన్నాడు చిట్టెబ్బాయి.