పెన్సిల్‌తో రాసిన ఫిర్యాదు

స్వర్ణకుమారికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మూడో అంతస్తు గోడ బయట నిలబడి ఏసీలు బిగించే మొగుడు ఏదో ఒకరోజు ఇంటికి నడిచి రాడని.

ఆ రోజు నూకరాజు నడిచే వచ్చాడు. కాకపోతే మధ్యాహ్నం పన్నెండుకే వచ్చాడు. డ్రిల్ మెషిన్ సంచి గుమ్మంలో పడేసి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"సూడే, నా మీద కంప్లైంటు. హిజ్లీ కాడ హాస్టల్ పని ఆపేసినారు."

ఆమె రెండేళ్ళ కొడుకు తీతును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"ఎవులు రాసినారు?"

"పేరెట్టలేదు. తెలుగులో ఉంది. ఆ హాస్టల్ ఆఫీసులో బెంగాలీ దాదాకి నా ఫోన్ నంబరు తప్ప ఒక్క ముక్క అర్థమైతే కదా! నన్నే పిలిచి, 'పఢో', సదువు అన్నాడు. నా మీద రాసింది నేనే సదివి ఇనిపించినాను."

ఇంకెప్పుడైనా అయితే ఆమె పడీ పడీ నవ్వేది.

"ఏటి రాసినారు?"

"లైసెన్సు లేదంట. ఎత్తులో బెల్టు కట్టుకోడంట. పోయిన నెల కరెంటు కొట్టి సెయ్యి కాలిందంట. లైసెన్సు తెచ్చుకునేదాకా పని ఇయ్యొద్దంట."

అతని కుడి అరచేతికి ఇంకా కట్టు ఉంది.

"అందులో అబద్ధం ఏటుంది బావా?"

"నోర్ముయ్. ఏడో తరగతి దాటనిదానివి, లైసెన్సుల సంగతి నీకేటి తెలుస్తాది?" కాగితం ఆమె ముఖం ముందు ఆడించాడు. పెన్సిల్ రాత. వంకర టింకర అక్షరాలు. "సేతులొణికే ముసలోడి రాత ఇది. ఈ ఊళ్ళో మన తెలుగోళ్ళలో ఏసీ లైసెన్సు ఎవులికుంది? ఏలియాకే."

ఆ కాగితం వైపు చూడలేక ఆమె తల దించుకుంది. "బాబాయ్ అలాటోడు కాదు."

"పద. ఆయన నోటే ఇందాం."

ఏలియా రైల్వేలో ఏసీ బోగీల ఫిట్టరుగా రిటైరైనవాడు. నూకరాజుకు పని నేర్పింది ఆయనే. తన దగ్గర రెండేళ్ళు పనిచేశాడని ఆయన సంతకం పెట్టి ఇస్తే నూకరాజుకూ లైసెన్సు వస్తుంది. సొంత పని మొదలుపెట్టాక మళ్ళీ వెళ్ళి అడగడం నూకరాజుకు నామోషీ. పోయిన నెల చెయ్యి కాలినప్పుడు స్వర్ణకుమారే వెళ్ళి, "మీరైనా సెప్పండి బాబాయ్" అని ఏడ్చింది. "సెప్తే ఇనే రకమా తల్లీ వాడు?" అన్నాడు ఆయన.

రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులో, తన ఒంటిగది ముందు కూర్చుని ఏలియా సైకిల్ ట్యూబుకు పంచరు వేసుకుంటున్నాడు.

"ఇది నువ్వు రాసిందేనా?" నూకరాజు కాగితం ఆయన ఒళ్ళోకి విసిరాడు. సందులోవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు.

ఏలియా కళ్ళజోడు తుడుచుకుని చివరిదాకా చదివాడు. నూకరాజు చేతి కట్టు చూశాడు. తరవాత స్వర్ణకుమారిని చూశాడు. ఆమె తీతు జుట్టులో ముఖం దాచుకుంది.

"అవున్రా. నేనే రాసినాను."

"పేరెట్టుకోడానికి దమ్ము లేదేటి?"

"లేదురా."

"పని నేర్పినోడివని దండం పెట్టినాను. నా పిల్లోడి నోటికాడ కూడు లాగేసినావు!"

ఏదో గుమ్మంలోంచి ఎవరో 'థూ' అన్నారు.

ఏలియా లేచాడు. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి స్వర్ణకుమారి చేతిలో పెట్టాడు. రెండేళ్ళ పనికి సంతకం. కింద తేదీ పోయిన నెలది.

"లైసెన్సు ఆఫీసులో ఇయ్యమను తల్లీ. బెల్టు కట్టుకోమను."

నూకరాజు లైసెన్సుకు అర్జీ పెట్టాడు. బెల్టు కొన్నాడు. ఏలియా పేరెత్తితే మాత్రం ఇప్పటికీ ఉమ్మేస్తాడు. ఊళ్ళో తెలుగువాళ్ళెవరూ ఆ ముసలాయన్ని పనికి పిలవడం లేదు. ఆదివారం ఆయన చర్చికి కూడా రాలేదు. నాలుగు రోజులుగా తలుపు మూసే ఉంది, సాయంత్రమైతే లోపల లైటు వెలుగుతుంది, అంతే. గిన్నెలో చేపల పులుసు పట్టుకుని స్వర్ణకుమారి రెండుసార్లు సందు మలుపుదాకా వెళ్ళింది. రెండుసార్లూ సిగ్గుతో వెనక్కి తిరిగింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఆ తలుపు ఒక్కసారి తట్టండి, ఆయన తిన్నాడో లేదో చూడండి.

ఆ ఫిర్యాదు రాసిన స్వర్ణకుమారిని నేనే.