గజం దూరం

“వదలండి ఆ బోను!” మెడలో కొలతల టేపుతోనే టైలరమ్మ పెరట్లోకి ఉరికింది.

కంచె దాటి వచ్చిన పక్కింటి మేస్త్రీ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అడుగులేని ఆ జాలీ బోనులో ఆమె కుందేళ్లు రెండూ నిమ్మకు నీరెత్తినట్టు పచ్చిక మేస్తున్నాయి.

“నాలుగు రోజులుగా చూస్తున్నా. పొద్దున్నే కంచె పక్కన పెడతానా, నేనలా మిషను మీద కూర్చోగానే బోను జరిగిపోతోంది. ఆనవాలుకి రాయి పెట్టి, టేపుతో కొలిచా. రోజుకి సరిగ్గా గజం! కూరకా, అమ్మకానికా?”

“అవేం మాటలు చెల్లెమ్మా!”

“కంచె తగాదా అయ్యాక రెండేళ్లు పలకరించని మనిషికి ఇవాళ చెల్లెమ్మనయ్యానా?”

మేస్త్రీ కంచె వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. దొరికిపోయిన దొంగ మొహమే, అనుకుందామె. సాక్ష్యం చూపి నోరు మూయిద్దామని రాయి దగ్గర్నుంచి బోను ఈడ్చిన చారను వేలుపెట్టి చూపించింది.

చూపించిన వేలు గాల్లోనే ఆగిపోయింది. చార తన గుమ్మం వైపే వస్తోంది. ఎంత దూరమో కొలిచింది గానీ, ఎటువైపో చూసుకోలేదు. ఎత్తుకుపోయేవాడైతే అతని ఇంటివైపు లాక్కోడూ?

కంచె మొదట్లో గడ్డి అప్పుడే పసుపు రంగుకి తిరుగుతోంది.

“నాలుగు రోజుల కింద మావైపు కలుపుమందు కొట్టా. గాలికి మీవైపూ గజం మేర పడింది,” అన్నాడు మేస్త్రీ నేలచూపులు చూస్తూ. “చెబుదామంటే... మనకి మాటల్లేవు కదా.”

“ఇవి ఆ గడ్డి తిన్నాయా?” ఆమె చప్పున కుందేళ్ల వైపు తిరిగింది.

“మీరు లోపలికెళ్లగానే బోను ఇటు జరిపేశా. ఒక్క పోచైనా తిననివ్వలేదమ్మా.”

టైలరమ్మ వంగి బోను ఒక కొస పట్టుకుంది.

“ఇంకో గజం జరుపుదాం. అటు ఎత్తండి, అన్నయ్యా.”