దీపాలవేళ తోడు

నీలం దీపం పెట్టాక మందుసీసాలోంచి తోడు ఇవ్వకూడదు. ఆ వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే అది. చీకట్లో ఉన్నంతసేపూ సీసాలోని సూక్ష్మజీవులు తామరతంపరగా పెరుగుతాయి. నీలం వెలుగు పడిందా, పెరగడం మానేసి, తెల్లారేసరికి షుగరుకి మందు చేసిపెడతాయి.

వకుళ ఇంట్లో నాన్న పెంచలయ్య చెయ్యి తగిలి సీసా మీది నల్లగుడ్డ జారిపోయింది. పగలంతా ఎండ పడి అన్నీ చచ్చాయి. ఆయనకి రేపటి మందే మిగిలింది. ఇవాళ తోడు వేస్తేనే ఎల్లుండికి అందుతుంది. గాజుగిన్నె పట్టుకుని పరిగెత్తేసరికి, వీధిచివర మస్తానమ్మ ఇంట్లో అప్పుడే నీలం వెలుగు.

"ఇప్పుడే దీపం పెట్టేశానే తల్లీ," అంది మస్తానమ్మ. వకుళ మొహం చూసింది. చూసి, టక్కున స్విచ్చి ఆర్పేసింది.

"గాలికి కొండెక్కిందనుకుందాం. అవింకా పనిలోకి దిగుండవులే. పట్టు గిన్నె."

గిన్నె నిండాక వకుళకి గుర్తొచ్చింది, కప్పడానికి నల్లగుడ్డ తేలేదని. కొంగు చూస్తే పల్చన. వీధి పొడుగునా ప్రతి కిటికీలోనూ నీలం వెలుగే. గడపలోనే నిలబడిపోయింది.

మస్తానమ్మ అరుగు మీదికొచ్చి గొంతెత్తింది. "అమ్మలారా, పెంచలయ్యకి తోడు వెళ్తోంది!"

ఎదురింటి కిటికీ చీకటైంది. తర్వాత పక్కది. వకుళ గిన్నెని గుండెకి హత్తుకుని నడుస్తుంటే, ముందున్న ఇళ్ళు ఒక్కొక్కటే దీపం ఆర్పాయి. ఆమె దాటాకే మళ్ళీ వెలిగించుకున్నాయి.

ఇల్లు చేరేసరికి చీకటి గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు, నల్లగుడ్డ రెండు చేతులా విప్పి పట్టుకుని.