మెత్తటి బాటిల్

"నేను జెప్పలేదా అత్తమ్మా! తెల్లారినా నా బాటిల్ సల్లారలే!" దుప్పట్లో పాదాలు కదుపుతూ షైని కిలకిలా నవ్వింది.

శామీర్‌పేట చెరువు దగ్గర, వ్యాను వెనక సీట్లు మడిచి, తలో దిక్కుకు తలపెట్టి పడుకున్నారు అత్తాకోడళ్లు. ముందు సీట్లో షైని మొగుడు శాంసన్ గురక పెడుతున్నాడు.

"సలి పెట్టిందంటే ఇంటికే. ఇగ ఇసొంటి షికార్ల మాట మళ్ల ఎత్తొద్దు" అని అత్త ఎలీషమ్మ బయల్దేరేముందే తేల్చేసింది. అందుకే షైని స్టీలు బాటిల్లో మరిగే నీళ్లు పోసి, మొగుడి ఉన్ని సాక్సు తొడిగి, కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"నిజంగనే వెచ్చగుందా?" అడిగింది ఎలీషమ్మ.

"మస్తుగుంది! మెత్తగ గూడ ఉంది."

"ఎందుకుండదే? గది నా పొట్ట."

షైని చటుక్కున కాళ్లు లాక్కుంది. బాటిల్ తలుపు వారన మంచుగడ్డలా పడి ఉంది. పెళ్లయిన మూడు నెల్లుగా అత్త పక్కన కూర్చోవడానికే జంకే పిల్ల గబుక్కున లేచి కూర్చుంది.

"తప్పైంది అత్తమ్మా... ఇంటికి పోదామా?"

"ఎందుకే? నీ కాళ్లు తగిలినంకనే నాకు గూడ సలి పోయింది." ఎలీషమ్మ పొట్ట అదిరేలా నవ్వుతూ ఆ కాళ్లను మళ్లీ దుప్పట్లోకి లాక్కుంది. "ఇటు పెట్టు. మళ్ల వచ్చినప్పుడు ఆ బాటిల్ తేకు. ఉత్తగ జాగ తింటది."